చెల్క గట్టు రాళ్లతో జపాన్ తోట

నల్లగొండలో జపాన్ తోట వేసుకోవాలని ఉన్నవాళ్లు ముందుగా ఆ తోటల్లో నేల మీద పచ్చగా పరుచుకునే నాచు మీద ఆశ వదులుకోవాలి. అక్కడి క్యోటో నగరంలో ఏడాదికి 1500 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. మనకు పడేది దాదాపు అందులో సగం, అదీ ఎక్కువగా నాలుగు నెలల్లోనే. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. వానాకాలంలో బాయి ఒరల మీద, నీళ్ల తొట్టి పక్కన పచ్చగా పుట్టే నాచు దసరా పోయేసరికి ఎండి రాలిపోతుంది. పైన్ చెట్టు, ఎర్రాకుల మేపుల్ చెట్టు సంగతీ అంతే. నర్సరీవాళ్లు తెప్పించి ఇస్తామంటారు, డబ్బులు కూడా గట్టిగానే అడుగుతారు. కొనకండి. ఇక్కడ బతకలేని చెట్టును తెచ్చి మన చేతుల్లో చంపుకోవడం నాకు అసలు ఇష్టం లేదు.

"నాచు లేదు, పైన్ లేదు, చేపల కొలను లేదు. ఇంక జపాన్ తోటల ఏముంటదమ్మా?" అని మా అబ్బాయి ఫోన్‌లో అడిగాడు. రాయి ఉంటుంది అన్నాను.

జపాన్ తోటల్లో ఒక రకానికి కరెసన్సుయ్ అని పేరు. చుక్క నీరు లేకుండానే కొండల్నీ నీళ్లనీ చూపించే తోట అది. కొండ ఉండాల్సిన చోట రాయి, నీళ్లు ఉండాల్సిన చోట కంకర. క్యోటోలోని ర్యోఆంజి అనే జెన్ బౌద్ధాలయంలో ఇటువంటి తోట చాలా పేరున్నది. సుమారు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న జాగాలో తెల్లటి కంకర పరిచి, 15 రాళ్లను ఐదు గుంపులుగా పెట్టారు. అరుగు మీద ఏ మూల కూర్చున్నా ఏదో ఒక రాయి మరో రాయి చాటుకు పోతుంది. లోపల చెట్టు లేదు, పువ్వు లేదు. రాళ్ల మొదట్లో మాత్రం కాస్త నాచు ఉంటుంది. కరువుకు అలవాటు పడ్డ మన జిల్లాకు ఇంతకంటే తగిన తోట ఇంకోటి ఉంటుందనుకోను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తాను. మా ఇల్లు పానగల్లు పోయే రోడ్డు పక్కన సందులో ఉంది. తూర్పు ముఖం ఇల్లు, వెనక పెరడు. పెరట్లో 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగా చాలా కాలం ఉత్తగా పడి ఉండేది. నేల దుబ్బ. ఏం పెట్టినా ఎండాకాలం బోరు సన్నబడేసరికి ఎండిపోయేది. మా అత్తమ్మ బెండ, గోరుచిక్కుడు పెట్టి చూసింది, నేను గులాబీలు పెట్టి చూశాను. నీళ్లు అడగని తోట ఒకటి ఉందని చదివిన రోజు నుంచి ఆ జాగా మీదే నా కన్ను పడింది.

రాయి గురించి కాస్త చెప్పాలి, క్లాసులో చెప్పినట్టే చెప్తాను. నల్లగొండ, మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల అడుగున ఉన్న గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. మన గుట్టల మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లను ఎవరూ పేర్చలేదు. భూమి లోపలే రాతికి అడ్డంగా, నిలువుగా పగుళ్లు వచ్చాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి మూలలను తిన్నాయి. పై మట్టి కొట్టుకుపోయాక గుండ్రటి రాళ్లు బయటపడ్డాయి. ఎండకు కాగి, రాత్రికి చల్లారి, పొర పొరగా పెచ్చులు ఊడి ఇంకా నున్నబడ్డాయి. బస్సులో దేవరకొండ పోతున్నా, జడ్చర్ల పోతున్నా కిటికీలోంచి కనిపించేది ఇదే. చూసి చూసి కళ్లకు ఆనడం మానేసింది.

నాకైతే ఈ రాయి మీద చిన్నప్పటి నుంచి కోపం కూడా ఉండేది. మాది మర్రిగూడ పక్క ఊరు. ఈ రాతిలో ఉన్న ఖనిజాల్లోంచే ఫ్లోరైడ్ కరిగి బోరు నీళ్లలోకి వచ్చింది. మా మేనమామ నడుము నడి వయసు రాకముందే వంగిపోయింది. నిటారుగా నిలబడి ఆకాశం చూడలేకపోయేవాడు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరే వాడతారు. జిల్లా పేరు అట్లా పుస్తకాలకెక్కినందుకు సంతోషపడాలో ఏడవాలో నాకు అర్థమయ్యేది కాదు. అందుకే రాయిని ఇంట్లోకి తెచ్చుకుని, దాని ముందు కూర్చుని, దాన్ని చూడటం నేర్చుకోవడం నాకు చిన్న సంగతి కాదు. మామ ఉంటే ఏమనేవాడో అని చాలాసార్లు అనుకున్నాను.

రాళ్లు కొనలేదు. కనగల్ మండలంలో మా ఇంటివాళ్లకు కొంచెం చెల్క ఉంది. బత్తాయి తోట పెట్టడానికి చదును చేసినప్పుడు తీసిన గుండ్లన్నీ గట్టున కుప్పగా పోశారు. వాటి మీద తుమ్మలు మొలిచాయి. అక్కడి నుంచే ఎంచుకున్నాం. ఒక మాట గట్టిగా చెప్పాలి. గుట్ట మీది రాయి, సర్కారు భూమిలోని రాయి మనది కాదు, అడగకుండా ముట్టుకోవద్దు. చేన్లో గుండ్రంగా వలయంలా పేర్చిన పాత రాళ్లు కనిపిస్తే అసలు కదిలించొద్దు. అవి బృహత్ శిలాయుగం సమాధులు కావచ్చు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పక్కన అవి చాలా ఉన్నాయి. వలయంలోంచి ఒక్క రాయి తీసినా వేల ఏళ్ల గురుతు పోతుంది.

రాళ్లు తేవడానికి వడ్డెర పెద్దాయన ఒకరు, ఆయన కొడుకు, ఇంకో ఇద్దరు వచ్చారు. ఘనపుటడుగు గ్రానైటు 75 కిలోల దాకా తూగుతుంది, మూడడుగుల గుండు ఒక్కటే అరటన్ను దాటుతుంది. మా సందులోకి జేసీబీ రాదు. ట్రాక్టరు మీంచి దింపి, దుంగల మీద దొర్లించి, గడ్డపారలతో తన్ని, పెరట్లో మూడు దూలాలు నిలబెట్టి గొలుసు వేసి లేపారు. నేను కాగితం మీద బొమ్మ గీసుకుని సిద్ధంగా ఉన్నాను. పొడుగు రాయిని నిలబెట్టమని చెప్పాను. పెద్దాయన దాని చుట్టూ తిరిగాడు. అరచేత్తో తడిమాడు.

"టీచరమ్మా, ఇది నిలబడే రాయి గాదు. భూమిల గిట్ల పండుకోని ఉండె. మన్ను మరక జూడు" అన్నాడు.

నిజమే. రాయికి కింది పక్క ఎర్రటి మట్టి మరక ఒక గీతలా ఉంది. గీతకు పైన ఎండకు నల్లబడి, బూడిద రంగు మచ్చలు పట్టి ఉంది. ఎన్ని వేల ఏళ్లు ఏ మట్టం దాకా భూమిలో ఉందో రాయే చెప్తోంది. ఆయన ఆ గీత దాకానే పాతాడు. అప్పుడది తెచ్చి పెట్టినట్టు లేదు, పెరటి అడుగు నుంచి పైకి వచ్చినట్టుంది.

నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే జపాన్‌లో 11వ శతాబ్దంలో రాసిన సకుతెయికి అనే తోటల గ్రంథం ఉంది. వాళ్లకు దొరికిన పాత తోట పుస్తకాల్లో అదే మొదటిదని చెప్తారు. అందులో మొట్టమొదటి నిషేధాల్లో ఒకటి ఇదే: పండుకుని ఉన్న రాయిని నిలబెట్టొద్దు, నిలబడ్డ రాయిని పండబెట్టొద్దు. ముందు ఒక ముఖ్యమైన రాయిని పెట్టు, తర్వాత ఆ రాయి ఏం అడుగుతుందో విని మిగతా వాటిని పెట్టు అని కూడా అందులో ఉంటుంది. బొమ్మ గీసిన కాగితం మడిచి బీరువాలో పెట్టేశాను. ఆ తర్వాత నేను చేసిందల్లా అరుగు మీద కూర్చుని "ఇటు నుంచి చూస్తే ఇట్లా ఉంది పెద్దయ్యా" అని చెప్పడమే. ఏ రాయికి ముఖం ఏ దిక్కుందో ఆయనే తేల్చాడు. మొత్తం ఐదు రాళ్లు పెట్టాం. ఒక దగ్గర మూడు, నడుమ ఎత్తుది, పక్కన రెండు కురచవి. బుద్ధుడికి అటు ఇటు ఇద్దరు పరిచారకులు నిలబడినట్టు మూడు రాళ్లు పెట్టడం జపాన్‌లో పాత పద్ధతి. మిగతా రెండు దూరంగా, ఒకదానివైపు ఒకటి ఒరిగి ఉన్నాయి.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి, నాకు ఇది అన్నిటికంటే ముఖ్యం. జపాన్ తోటల గురించి మాట్లాడేటప్పుడు సన్యాసుల పేర్లు, ప్రభువుల పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. కానీ మధ్యయుగంలో క్యోటోలో రాళ్లెత్తి పాతింది కవరమోనో అనే వాళ్లు. ఏటి ఒడ్డున బతికే జనం. పశువుల తోళ్లు తీసే పని వాళ్లదే కావడంతో ఊరు వాళ్లను దూరం పెట్టింది. వాళ్లలోంచే వచ్చిన జెనామి అనే ఆయన 15వ శతాబ్దంలో అషికగ యోషిమస అనే షోగును, అంటే దేశాన్ని ఏలే సేనాధిపతి దగ్గర తోటలు కట్టి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ర్యోఆంజిలో ఒక రాయి వెనక పక్క రెండు పేర్లు చెక్కి ఉన్నాయి. అందులో ఒకటి కొతరో. ఆ ఇద్దరూ ఈ కూలి జనమే అయ్యుంటారని చరిత్రకారులు అంటారు. చూసేవాళ్ల కంటికి కనపడని వైపు చెక్కారు. మన దగ్గర కోటలకు, చెరువు కట్టలకు, నాగార్జునసాగర్ డ్యాంకు రాయి మోసిన వాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? రాతితో కట్టిన డ్యాముల్లో ప్రపంచంలోనే చాలా పెద్దదని పిల్లలకు చెప్తాం. రాయి కొట్టిన చేతుల గురించి పాఠంలో ఒక్క వాక్యం ఉండదు. చాయ్ తాగేటప్పుడు పెద్దాయనకు ఆ రెండు పేర్ల సంగతి చెప్పాను. విని కొంచెంసేపు ఊరుకుని, "మా నాయన సాగర్ల చేసిండమ్మా" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. తర్వాత లేచి గడ్డపార అందుకున్నాడు.

మా అత్తమ్మకు మాత్రం మొదట్లో ఇదంతా నచ్చలేదు. "చెల్కలకెల్లి ఏరి పారేసినయి మళ్ల పైసలు పెట్టి ఇంటికి తెచ్చుడేంది బిడ్డా?" అని అడిగింది. ఆమెకున్న అసలు భయం వాస్తు. ఈశాన్యంలో బరువు పడితే ఇంటికి మంచిది కాదు, బరువంతా నైరుతిలోనే ఉండాలని పట్టుబట్టింది. నేను సకుతెయికి తెరిచి చూపించాను. నాలుగైదు అడుగులు మించిన రాయిని ఈశాన్యంలో నిలబెట్టొద్దు, అటు నుంచే చెడు లోపలికి వస్తుందని వాళ్లూ రాశారు. వాళ్లకు కూడా ఈశాన్యమంటే భయమే. ఆ మాట విన్నాక అత్తమ్మ కుర్చీ తెచ్చుకుని పెరట్లోనే కూర్చుంది, రాళ్లు పాతడం అయిపోయేదాకా కదల్లేదు. ఎత్తు రాయి నైరుతి మూల దగ్గరే ఉంది. చూపుకు కూడా అదే బాగుంది.

కంకర దగ్గర అందరూ అడిగే ప్రశ్న తెల్ల పాలరాతి ముక్కలు వేయొచ్చా అని. వద్దు. మన మధ్యాహ్నపు ఎండలో వాటి వైపు చూడలేం, కళ్లు జిగేలుమంటాయి. క్యోటోలో వాడేది షిరకవ కంకర. అది కూడా గ్రానైటు శిథిలమై పుట్టిందే. అందులో తెల్లటి ఫెల్డ్‌స్పార్, గాజులాంటి స్ఫటికం, నల్లటి అభ్రకం కలిసి ఉంటాయి. దూరం నుంచి తెల్లగానే కనిపిస్తుంది గానీ కళ్లలో గుచ్చదు. ఇప్పుడు ఆ ఏటి నుంచి దాన్ని తవ్వడం కూడా మానిపించారు. మన క్రషర్ల దగ్గర దొరికే బూడిద రంగు గ్రానైటు చిప్స్‌లోనూ అవే ఖనిజాలున్నాయి. ఆరు మిల్లీమీటర్లవి అడగండి. ఏటి ఇసుక, గుండ్రటి గులకరాళ్లు పనికిరావు. గీత గీస్తే జారి కలిసిపోతాయి. క్రషర్ ముక్కకు మూలలుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుని గీత నిలబడుతుంది. డస్ట్ పోయేదాకా కడిగి వేయాలి, లేకపోతే మొదటి వానకే సిమెంటులా గట్టిపడుతుంది.

మా జాగా 240 చదరపు అడుగులు. రెండు అంగుళాల మందానికి 40 ఘనపుటడుగులు సరిపోయింది, ట్రాక్టరు నిండా అక్కర్లేదు. కింద మూడు అంగుళాల మొరం పోసి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాం. ప్లాస్టిక్ పట్టా పరవమని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. మన ఊళ్లో భూమిలోకి దిగే ప్రతి చుక్కా బోరుకు కావాలి. నేలను కాస్త వాలుగా చేసి, చివర కంకర కిందనే ఇంకుడు గుంత తవ్వించాను. దాబా మీది వాన నీళ్లు కూడా అందులోకే పోతాయి. తుంగ మొలుస్తుంది, నిజమే. వారానికోసారి కూర్చుని వేళ్లతో పీకుతాను. మందు కొట్టను.

గీతలు గీయడానికి పండ్ల గొర్రు కావాలి. వడ్ల ఆయన దగ్గరికి పోయి చెప్తే "దంతె లెక్కనే గదా మేడం" అని తుమ్మ చెక్కతో చేసి ఇచ్చాడు. అడుగున్నర వెడల్పు, పండ్ల మధ్య రెండు అంగుళాల ఎడం. ముందు రాళ్ల చుట్టూ అలల్లాగా గుండ్రంగా గీస్తాను. తర్వాత ఖాళీ జాగాలో పొడుగ్గా, వెనక్కి వెనక్కి నడుస్తూ, అడుగుల గుర్తులు చెరిపేసుకుంటూ అరుగు దాకా వస్తాను. స్కూలు నుంచి వచ్చాక నాకు అదే పని. పెరడు పడమరకు ఉంది కాబట్టి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి ఒక్కో గీతకూ నీడ వస్తుంది. మధ్యాహ్నం చూస్తే ఆ నీడలే ఉండవు. మీ తోటను ఎటు నుంచి, ఏ వేళ చూస్తారో ముందే తేల్చుకుని రాళ్లు పెట్టండి. నీడను లెక్కగట్టి రాయి నిలబెట్టిన వాళ్లు మాకు కూతవేటు దూరంలోనే ఉన్నారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పొద్దంతా కదలకుండా ఒకే నీడ నిలబడి ఉంటుంది. ఏటా పిల్లల్ని తీసుకుపోయి చూపిస్తాను.

అత్తమ్మ రోలు కథ ఇంకోటి. గ్రైండర్ వచ్చాక పాత రోలు, తిరుగలి రాళ్లు చెల్క దగ్గరి కొట్టంలో పడి ఉన్నాయి. జపాన్‌లో అతిథులకు ఆచారంగా టీ ఇచ్చే గదుల ముందు తోటల్లో చేతులు కడుక్కునే రాతి తొట్టి ఉంటుంది, దాన్ని సుకుబాయి అంటారు. వంగి, కూర్చుని నీళ్లు ముట్టుకోవాల్సినంత కింద పెడతారు. మన రోలు అంతే ఎత్తు, అంతే లోతు. పాత తిరుగళ్లను, కూలిన గుళ్ల స్తంభాల కింది రాళ్లను బాటలో పరవడం వాళ్లకు అలవాటే. 1939లో షిగెమొరి మిరెయ్ అనే ఆయన క్యోటోలోని తోఫుకుజి ఆలయానికి తోట కట్టేటప్పుడు, ఉన్న సామాను ఏదీ పారేయకూడదని ఆలయంవాళ్లు అడిగారు. పాత కట్టడం కింద మిగిలిన ఏడు గుండ్రటి స్తంభపు రాళ్లను ఆయన కంకరలో సప్తర్షి మండలంలా నిలబెట్టాడు. ఇది చదివినప్పుడు నాకు ముడుమాల్ గుర్తొచ్చింది. నారాయణపేట జిల్లాలో కృష్ణా ఒడ్డున, పది అడుగులు దాటిన నిలువు రాళ్లు వేల ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. అక్కడ ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలతో సప్తర్షులను చెక్కారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. రాయి నిలబెట్టి ఆకాశం వైపు చూసే పని ఈ నేలకు కొత్త కాదు. మహబూబ్‌నగర్ పక్కవాళ్లు తోట మొదలుపెట్టే ముందు ఒకసారి పోయి చూసి రండి.

రోలును అరుగు పక్కన పెట్టాం. అత్తమ్మ అందులో మొదటి చెంబు నీళ్లు పోసి, చేత్తో లోపలంతా రాసి, "మా అత్త గిండ్లనే పచ్చళ్లు నూరేది" అంది. ఇప్పుడు పిచ్చుకలు, పిగిలిపిట్టలు వచ్చి తాగి పోతాయి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి, లేకుంటే దోమ గుడ్లు పెడుతుంది. తిరుగలి రెండు రాళ్లూ బాటలో ఉన్నాయి.

బాట గురించి ఒక చక్కటి వివాదం ఉంది. టీ గురువు రిక్యూ 16వ శతాబ్దంలో, అడుగురాళ్లను పరిచేటప్పుడు ఆరు పాళ్లు నడకకు, నాలుగు పాళ్లు అందానికి చూడమన్నాడట. ఆయన శిష్యుడు ఒరిబే దాన్ని తిరగేసి అందానికే ఆరు అన్నాడట. నేను రెండింటినీ వాడుకున్నాను. అరుగు నుంచి రోలు దాకా అత్తమ్మ మోకాళ్లకు తగ్గట్టు షాబాద్ బండలు దగ్గర దగ్గరగా, సమంగా వేయించాను. రోలు దాటాక ఒరిబే మాటే విన్నాను.

గోడ మీదుగా లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపిస్తుంది. దూరపు కొండను తోటలో భాగం చేసుకోవడానికి జపాన్‌లో షక్కెయ్ అనే పద్ధతి ఉంది. క్యోటోలో ఎంత్సుజి అనే ఆలయం తోటకు వెనక హియెయ్ కొండే ప్రాణం. ఆ చూపుకు అడ్డంగా ఎత్తు కట్టడాలు లేవకుండా 2007లో నగరం నిబంధనలు పెట్టింది. మా గుట్టకు అట్లాంటి నిబంధన ఏదీ లేదు. అటువైపు సందులో ఇంకో అంతస్తు లేస్తే గుట్ట పోతుంది. ఉన్నన్ని రోజులు చూస్తాను. పక్కింటి దాబా మీది నల్ల నీళ్ల ట్యాంకు అడ్డం వచ్చేది. దాన్ని కప్పేటందుకు గోడ వెంబడి మైదాకు (గోరింటాకు) చెట్లు పెట్టాను.

పైన్ బదులు ఏ చెట్టును కత్తిరించి పెంచాలని అడిగితే నా జవాబు మైదాకే. నీళ్లు తక్కువైనా ఓర్చుకుంటుంది, ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా చిగురిస్తుంది. జపాన్‌వాళ్లు చెట్లను మబ్బుల ఆకారంలో గుత్తులు గుత్తులుగా కత్తిరిస్తారు. మైదాకు ఆ రూపానికి బాగా లొంగుతుంది. కత్తిరింపుకు ముహూర్తం ఆషాఢం. వీధిలో ఆడపిల్లలందరూ గిన్నెలు పట్టుకుని వస్తారు. ఏ కొమ్మ కొయ్యాలో నేను చూపిస్తాను, వాళ్లు కోసుకుపోతారు. రోట్లో నీళ్లు తీసేసి ఆ రోజు అందులోనే నూరుకుంటారు. ఒక మూల బాలానగర్ సీతాఫలం మొక్క పెట్టాను. మహబూబ్‌నగర్ పక్క బాలానగర్ పేరు మీదే ఆ రకం దేశమంతా తెలుసు. ఎండాకాలం ఆకు రాల్చి వంకర కొమ్మలతో నిలబడితే రాళ్ల పక్కన ఎంతో బాగుంటుంది. రాళ్ల మొదట్లో నాచు బదులు గంగవాయిలి పాకించాను. కూరకూ పనికొస్తుంది.

బుద్ధుడి తల బొమ్మ పెట్టలేదు. దుకాణంలో ప్రతివాళ్లూ చూపిస్తారు. ర్యోఆంజి కంకరలో బుద్ధుడి విగ్రహం లేదు. ఫణిగిరి లాంటి పాత బౌద్ధ క్షేత్రం ఉన్న పాత నల్లగొండ జిల్లా మనది. బుద్ధుడిని తల వరకే కోసి కంకరలో దించడం నాకు మనసొప్పదు.

వెదురు కంచె మాత్రం ఇంకా పూర్తికాలేదు. నాలుగు నిలువు, నాలుగు అడ్డం కంక బొంగులు, ముడులకు కొబ్బరి తాడు. బొంగులో తీపి ఉన్నన్నాళ్లూ పురుగు తొలుస్తుంది. అందుకని చలికాలంలో కొట్టిన బొంగులనే తీసుకుని, కొన్ని వారాలు చెరువులో నానేసి ఇస్తానని మేదరాయన చెప్పాడు. చెదలు పట్టకుండా నిలువు బొంగుల కాళ్లు మట్టిలో దిగొద్దు, కింద రాతి కడీల ముక్కలు ఉండాలన్నాడు. కడీలు చెల్క కంచెలో విరిగి పడినవి ఉన్నాయి, వచ్చే ఆదివారం ట్రాక్టరులో తెప్పిస్తున్నాను. సంక్రాంతి దాటాక బొంగులు వస్తాయి.